తప్పులు దాచని స్కోరు పుస్తకం

పందొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరం సెప్టెంబరు పద్నాలుగవ తేదీ, శనివారం ఉదయం ఏడు గంటలకు, శ్రీ ప్రేమ్ సాగర్ గారు గల్ఫ్‌లోని మన ఆసుపత్రి రువీ శాఖలో, శస్త్రచికిత్సా పరికరాలను శుద్ధిచేసే విభాగంలో సాంకేతిక సహాయకులుగా విధుల్లో చేరారు. చేరిన గంటలోపే ఆయన తొలిసారి ఆగ్రహించారని నాటి సహోద్యోగులు నేటికీ చెప్పుకుంటారు. ఆవిరి యంత్రం నుంచి బయటికి వచ్చిన ఒక పరికరాల పెట్టెపై శుద్ధి జరిగిందని తెలిపేందుకు అంటించిన పట్టీ రంగు పూర్తిగా మారలేదు. ఇంచుమించు మారింది కదా, పంపించేద్దామన్నారు ఒక సీనియర్.

"ఇంచుమించు శుద్ధి అనేది ఎక్కడా లేదండీ. లోపల బల్ల మీద పడుకున్న మనిషికి రేపు రెండోసారి పొట్టకోసి క్షమించమని చెప్తారా?" అని ప్రేమ్ సాగర్ గారు ఆ పెట్టెను తన చేతులతోనే మళ్ళీ యంత్రంలో పెట్టారు. కొత్తగా వచ్చిన మనిషికి అంత నోరు తగదని ఆ సాయంత్రమే ఫిర్యాదు వెళ్ళింది. ఆ ఫిర్యాదు రాసినవారు తరువాత తమ సొంత ఆపరేషన్‌కు ముందు పరికరాలను ప్రేమ్ సాగర్ గారే చూడాలని పట్టుబట్టారు.

చీరాలలో జన్మించి, చర్చి క్రిస్మస్ నాటకాల్లో గొర్రెల కాపరి వేషంతో రంగస్థలం ఎక్కిన ఆయన, రువీ పక్కనున్న హమ్రియాలో ఎనిమిది మంది ఉండే గదిలోకి ఒక సూట్‌కేసుతో, ఒక గిటారుతో వచ్చారు. డ్యూటీ ముగిశాక మేడమీద నీళ్ళ ట్యాంకుల మధ్య రిహార్సల్స్ పెట్టి, రెండువేల ఒకటిలో మన వార్షికోత్సవాన తొలి తెలుగు నాటిక ప్రదర్శించారు. జరిగేదాన్ని జరుగుతున్నప్పుడే చూడాలి, విసిరిన మాట మళ్ళీ చేతికి రాదు కనుకనే దానికి విలువ అనే సూత్రాన్ని ఆయన నాటకానికీ, రాక్ సంగీతానికీ, తరువాత బేస్‌బాల్‌కూ ఒకేలా వర్తింపజేశారు. దాన్ని ఉల్లంఘించిన వారెవరినీ, వారి హోదా చూసి, వదిలిపెట్టలేదు.

ఖురంలోని ఒక హోటల్‌లో రాక్ బృందం వాయిస్తున్న సాయంత్రం జరిగినది ఆయన సతీమణి ఫేబా గారు ఇప్పటికీ సిగ్గుపడుతూనే చెబుతారు. అది వారి పెళ్ళిరోజు. అన్నం సగంలో ఉండగా ప్రేమ్ సాగర్ గారు లేచి, వేదిక దగ్గరికి వెళ్ళి, డ్రమ్ములు వాయిస్తున్న యువకుణ్ణి తనకు వచ్చిన హిందీలో నిలదీశారు.

"భాయ్, కర్ర తగల్లేదు. మరి తాళం ఎలా మోగింది?"

"సాబ్, మీరు వెళ్ళి భోజనం చేయండి" అన్నాడతడు, చేతులు ఊపుతూనే. అతడు చేతులు ఆపినా డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి. ప్రేమ్ సాగర్ గారు హాలు మొత్తానికి వినబడేలా, "టేపుకి చప్పట్లు కొడుతున్నారయ్యా మీరంతా!" అని బయటికి నడిచారు. గిటారు తీగ తెగితే ఆ తెగిన చప్పుడు కూడా పాటలో భాగమేనని, తెగే భయం లేని తీగను వాయించడం దొంగతనమని ఆయన అభిప్రాయం. ఆ రాత్రి ఫేబా గారికి భోజనం పూర్తికాలేదన్నది కూడా ఇక్కడ నమోదు చేయడం న్యాయం.

రెండువేల ఐదు నుంచి నాలుగేళ్ళు ఆయన బురైమి శాఖలో పనిచేశారు. అక్కడ ఎక్స్‌రే విభాగంలోని ఫిలిప్పీన్స్ మిత్రులు శుక్రవారం తెల్లవారుజామున గులకరాళ్ళ మైదానంలో బేస్‌బాల్ ఆడేవారు. చూడడానికి వెళ్ళిన మనిషి స్కోరు రాసేవారై తిరిగివచ్చారు. క్రికెట్ తప్ప వేరే ఆటను ఆటగా ఒప్పుకోని మన సహోద్యోగులకు ఇది హాస్యాస్పదమైంది.

"ఏంది సార్, గా నాలుగు మూలల సుట్టు ఉరుకుడేనా ఆట? మా ఊర్ల పిల్లలు గిల్లీదండ ఇంతకన్న మంచిగ ఆడుతరు" అని హౌస్‌కీపింగ్ ఇస్తారి గారు ఎగతాళి చేశారు.

"ఇస్తారీ, బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి మనిషి ఇంత చావు చచ్చే ఆట ఇంకోటుంటే చూపించు."

"గట్లయితె ఇరవై ఏండ్లసంది నేను ఆడేది గదే సార్. ఇంక మూడో మూల కాడనే ఉన్న."

ప్రేమ్ సాగర్ గారు కోపం మరిచి నవ్విన బహు అరుదైన సందర్భాల్లో అది ఒకటి.

ఆ ఆటలో ఆయనను కట్టిపడేసింది స్కోరు రాసే పద్ధతి. ఎవరు కొట్టారు, ఎవరు పట్టారన్నదే కాదు, ఎవరు తప్పు చేశారన్నది కూడా పేరు పక్కన ఎర్రగా రాస్తారు. రెండువేల తొమ్మిదిలో విభాగాధిపతిగా ఖురం శాఖకు వచ్చాక, ఆయన ఒక పొడుగాటి పుస్తకంలో గళ్ళు గీసి, నాటికలకు కూడా అదే పద్ధతిలో స్కోరు రాయసాగారు. ఎడమవైపు నటుల పేర్లు, పైన దృశ్యాలు. తెర పక్కన నిలబడి, ఎక్కడ జనం నవ్వారో, ఎక్కడ దగ్గారో, ఎవరు మాట మింగారో అప్పటికప్పుడు రాసేవారు. తప్పు జరిగితే ఎర్ర గుర్తు. తమ పేరు పక్కన ఎర్ర గుర్తు చూసి అలిగిన నటులున్నారు, వేషం మానేసినవారూ ఉన్నారు. ఎవరి అలక చూసీ ఆయన ఒక్క గుర్తునూ చెరపలేదు.

రెండువేల పద్దెనిమిదిలో ఆయనే రాసి నడిపిన నాటికలో, పాత కుట్టుమిషను అమ్మాలా వద్దా అని ముసలి దర్జీ, అతని భార్య పోట్లాడుకుంటారు. భార్య వేషం పిల్లల వార్డు నర్సు నవీన గారిది. ఆమె ఈ వ్యాసకర్త సతీమణి. హాలు ద్వారం దగ్గర స్టీలు ట్రే పట్టుకుని ఫోన్లన్నీ తీసుకోవడం ప్రేమ్ సాగర్ గారి కట్టడి. వైద్యరికార్డుల విభాగంలో ఉద్యోగియైన ఈ వ్యాసకర్త ఒక ఫోను ట్రేలో వేసి, రెండోది జేబులో దాచి, ముందు వరుసలో కూర్చుని, రెండో దృశ్యంలో రికార్డు చేయబోతూ పైకెత్తాడు. ప్రేమ్ సాగర్ గారు మెట్లు దిగి, వంగుతూ వచ్చి చెయ్యి చాపారు.

"ఓంకార్ గారూ, ఇటివ్వండి."

"ఒక్క నిమిషం సార్. ఇంట్ల పిల్లలకు చూపిస్త."

"దేవుడు రెండు కళ్ళిచ్చాడు. అవి ఖాళీగా ఉన్నాయా, నిండిపోయాయా?"

ఫోను వెళ్ళిపోయింది. రెండేళ్ళ తరువాత నవీన గారు అనారోగ్యంతో కన్నుమూశారు.

అప్పుడు ఇల్లంతా వెతికితే ఆమె ఫొటోలు దొరికాయి. గొంతు ఎక్కడా దొరకలేదు. ఎప్పుడూ ఎదురుగా ఉన్న మనిషి గొంతును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? తోచిన ఆ ఒక్కసారీ ఒక మనిషి తన సిద్ధాంతం కోసం ఫోను లాక్కున్నాడు. ఈ వ్యాసకర్త మూడేళ్ళపాటు ఆయనతో డ్యూటీ మాటలు తప్ప వేరే మాట్లాడలేదు. ఆ మూడేళ్ళూ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం తలుపు దగ్గర అన్నం, పప్పుచారుతో ఫేబా గారి క్యారియర్ ఉండేది. గంట కొట్టేవారు కాదు. కడిగిన ఖాళీ క్యారియర్ మరుసటి వారం మాయమయ్యేది. ఆ పప్పుచారు లేకపోతే ఆ సంవత్సరాలు ఎలా గడిచేవో తెలియదు.

చివరికి ఒకనాడు క్యాంటీన్‌లో, వేడుకలు రికార్డు చేయకూడదని ప్రేమ్ సాగర్ గారు ఎవరికో ఉపన్యసిస్తుండగా, ఈ వ్యాసకర్త ఓపిక తెగింది.

"మీ పిచ్చికి మా ఆమె గొంతు నాకు లేకుంట పోయింది సార్. గిప్పుడు జెప్పుండ్రి, ఏ కండ్లతోని చూడాలె?"

ప్రేమ్ సాగర్ గారు బయటికి నడిచారు. మాటకు మాట ఇవ్వకుండా ఆయన వెళ్ళిపోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. మర్నాడు ఉదయం ఈ వ్యాసకర్త బల్లపై ఒక కాగితం ఉంది. స్కోరు పుస్తకం నుంచి జాగ్రత్తగా కోసిన పుట. ఆ పుస్తకంలోంచి ఆయన కోసిన పుట అదొక్కటే.

నవీన గారి వరుసలో, మూడో దృశ్యం గడిలో, చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "మాట మరిచారు. అందించబోయాను. అవసరం పడలేదు. ముందు వరుసలో భర్త ముఖం చూశారు. నవ్వారు. నవ్వుతుండగానే మాట దొరికింది. నాలుగు సెకన్లు. హాలంతా నవ్వింది." పక్కన ఎర్ర గుర్తు. దానిపై అడ్డంగా ఒక గీత. కింద: "తప్పు కాదు."

ఆ నవ్వు ఈ వ్యాసకర్తకు గుర్తుంది. నాటకంలోదే అనుకున్నాడు, అన్నేళ్ళూ. చేతిలో ఫోను ఉండి ఉంటే, మాట మరిచిన ఆ క్షణాన ఆమె వెతికిన చోట కనబడేది దాని వీపు. ఆమె గొంతు లేదన్న బాధ తీరలేదు. దానికి ప్రేమ్ సాగర్ గారిని పూర్తిగా క్షమించడం ఇప్పటికీ కాలేదు. సన్మాన సంచిక కదా అని ఇక్కడ అబద్ధం రాస్తే ఎర్ర గుర్తు పెట్టే మొదటివారు ఆయనే.

కొలువు ముగించి వెళ్తున్న అటువంటి మనిషి వీడ్కోలు సభకు మన ఉత్సవ సంఘం ఏం తలపెట్టిందో అందరికీ తెలియాలి. ఆ కుట్టుమిషను నాటికనే మళ్ళీ వేస్తామంటూ, మాటలన్నీ ముందే స్టూడియోలో రికార్డు చేసి, నటులు పెదవులు కదిపితే చాలునని తీర్మానించింది! ముప్పై ఏళ్ళు దేనికి వ్యతిరేకంగా గొంతు చించుకున్నారో, అదే ఆయనకు పూలదండగా వేయడం సన్మానమా, అవమానమా?

"హాల్లో మైకులు సరిగ్గా పట్టవంకుల్. ఎవరన్నా మర్చిపోతే మీ ఫంక్షన్ పరువే పోద్ది" అన్నారు ధ్వని ఏర్పాట్లు చూసే యువకుడు అమోసు గారు, సంఘం సమావేశంలో.

"మర్చిపోనీరా! మర్చిపోయే హక్కు కూడా లాగేసుకుంటే మనుషులెందుకు, బొమ్మల్ని నిలబెట్టు. సభకు నేను రాను. నన్ను కూడా రికార్డు చేసుకుని కుర్చీలో పెట్టుకోండి" అని ప్రేమ్ సాగర్ గారు లేచారు. చివరి నాటిక లేకుండానే, వీడ్కోలు లేకుండానే వెళ్ళిపోవడానికి ఆయన నిజంగా సిద్ధపడ్డారు. తలుపు వరకూ వెళ్ళారు.

అప్పుడు ఈ వ్యాసకర్త జేబులో ఎప్పుడూ ఉండే ఆ పుటను తీసి, మడత విప్పి, అమోసు గారి ముందు పెట్టాడు. ఆ యువకుడు చదివాడు. మళ్ళీ చదివాడు.

"ట్రాక్ వద్దులే అంకుల్. మైకుల సంగతి నేను చూసుకుంటా."

ప్రేమ్ సాగర్ గారు తలుపు దగ్గరే నిలబడి, ఎవరివైపూ చూడకుండా, "రిహార్సల్ రేపు ఆరింటికి. ఆలస్యంగా వచ్చినవాడు రానక్కర్లేదు" అన్నారు.

కాబట్టి సభికులారా, ఈ సంచిక మీ చేతికి అందే వేళకు మీ ఫోను మీ చేతిలో ఉండదు. ద్వారం దగ్గర స్టీలు ట్రే పట్టుకుని నిలబడినది ఈ వ్యాసకర్తే. రెండో ఫోను జేబులో దాచుకున్నవారు దయచేసి లేచివచ్చి ఇచ్చివేయండి, ఆ విద్య ఇతనికి తెలుసు. ఈ సాయంత్రం దర్జీ భార్య వేషం సంగీత గారిది. మూడో దృశ్యంలో ఆమె మాట మరిచిపోతే ఎవరూ అందించవద్దు. ముఖాలు మాత్రం కనబడనివ్వండి.

ముప్పై ఏళ్ళుగా ఒక్క పరికరాన్నీ ఇంచుమించు శుద్ధితో పంపని శ్రీ ప్రేమ్ సాగర్ గారు, ఆయన కోపాన్నీ మన కోపాన్నీ ఒకే క్యారియర్‌తో చల్లార్చిన ఫేబా గారు, బయల్దేరిన చీరాలకు క్షేమంగా చేరి, ఆయురారోగ్యాలతో, ఇంచుమించు కాకుండా అచ్చంగా నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని కోరుకుంటున్నాము. ఆయన కోపం చల్లారకూడదు. ఎప్పుడైనా మాట తడబడితే, చూసుకోవడానికి ఎదురుగా ఫేబా గారి ముఖం ఉండాలి.