అరవై నాలుగు డిగ్రీలు

గుడ్లు పగలగొట్టి, సొన వేడిచేసి, డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ. సర్కారు తరఫున తనిఖీకి వచ్చిన డాక్టరమ్మ చేతిలో రిజిస్టరు ఉంది. ఎదురుగా ఓనరు, పక్కన ఆయన బావమరిది. మేనేజరూ అతనే.

"రేపటి వేడి కూడా ఇవాళే రాసేశారే! జాతకాలు కూడా చెప్తారా ఇక్కడ?"

"అదీ... ముందుచూపు డాక్టరమ్మగారూ. మా బావమరిది పని. చెప్పరా."

"ఎల్లుండిది కూడా రాశాను మేడం. పేజీ తిప్పండి."

"తిప్పమని నిన్ను చెప్పమన్నానా!"

"గంట గంటకీ అరవై నాలుగు డిగ్రీలే. జ్వరం కూడా ఇంత నిలకడగా ఉండదండీ."

"మా మిషను క్రమశిక్షణ అలాంటిది మరి."

"ఇప్పుడెంతుంది?"

"ఇప్పుడా... ఇప్పుడు మీటరు అద్దం మసగ్గా ఉందండీ."

"తుడిచేశాను బావా. యాభై రెండు."

"ఎవడు తుడవమన్నాడ్రా!"

"మేడం వస్తున్నారు కదాని..."

"యాభై రెండుకి సొనలో క్రిములు చావవండీ. హాయిగా వేణ్ణీళ్ల స్నానం చేస్తాయి."

"మీకు క్రిములు తప్ప ఇంకేం కనబడవా? పదేళ్లుగా అమ్ముతున్నాం. ఒక్కడైనా వచ్చి కడుపునొప్పన్నాడా?"

"కడుపునొప్పొస్తే ఆస్పత్రికెళ్తారు. గుడ్ల ఫ్యాక్టరీకొచ్చి హాజరు వేయించుకోరు."

"సరే, శాంపిలు తీసుకెళ్లండి. రిపోర్టొచ్చాక మాట్లాడుకుందాం. ఈలోగా సరుకు..."

"ఈలోగా సరుకు కదలదు."

"బండి లోడైపోయిందండీ!"

"దింపించండి."

"ఓ ముద్ర వేస్తే మీదేం పోయింది? సిరా అరిగిపోతుందా?"

"ఆ ముద్ర చూసే కదండీ జనం కొనేది! వాసన చూస్తే తెలిసేదైతే, నా ఉద్యోగం వాళ్ల ముక్కులే చేసుకునేవి."

"ఒరేయ్, బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డావేం? మన శుభ్రత గురించి చెప్పు."

"శుభ్రతకేం మేడం! కుళ్లిన గుడ్డు కూడా కడిగే వేస్తాం."

"కుళ్లినవి... వేస్తారా?"

"నోర్ముయ్! వాడికి మాట్లాడ్డం రాదండీ. ఒక్క నిమిషం, మీ పైవాళ్లతో మాట్లాడొస్తా. ఇక్కడ సిగ్నల్ రాదు."

"నిదానంగా మాట్లాడండి. నేను బండికి సీలు వేస్తూ ఉంటాను."

"...వెళ్లాడా మేడం?"

"వెళ్లారు. ఏమయ్యా మేనేజరూ, నువ్వసలు మీ బావ వైపా, నా వైపా? నేనడక్కుండానే అన్నీ అప్పజెప్పేస్తున్నావు!"

"బండి ఎక్కడికెళ్తోందో చూశారా?"

"ఎక్కడికి?"

"పిల్లల ఆస్పత్రి వంటగదికి. మిషను బాగుచేయించు బావా అని నెల్రోజులుగా మొత్తుకుంటున్నా. 'సర్లేరా' అంటాడు. పొద్దున మీ ఆఫీసుకి ఫోన్ చేసి, పేరు చెప్పకుండా పెట్టేసింది నేనే... అదుగో, వస్తున్నాడు. నన్ను కాస్త గట్టిగా తిట్టండి మేడం!"