క్లచ్ మీద కాలు

పాత పికప్ కింద నుంచి భర్త గ్రీజు చేతులతో పాక్కుంటూ బయటికొచ్చాడు. భార్య అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది.

"ఆటోమేటిక్ పీకేసి నీ గేర్లు నీకు బిగించేశా. సంతోషమేనా?"

"నా మోకాలు విరిగినప్పుడు ఒక్క మాటైనా అడక్కుండా గేర్లు తీసేసి, క్లచ్ తొక్కే పని లేకుండా ఆటోమేటిక్ పెట్టేశారు. మళ్లీ పెట్టించుకోవడానికి మాత్రం మీ ప్రాణం తోడెయ్యాల్సి వచ్చింది."

"నీ మంచికేగా! ఏదీ, ఒకసారి క్లచ్ తొక్కు."

"ఇదేంటండీ, దూదిమూట తొక్కినట్టుంది?"

"నీ కాలికి బరువవుతుందని మెత్తటి స్ప్రింగు వేశాను."

"రోజూ మేడ మెట్లు ఎక్కి దిగుతున్న కాలండీ ఇది! రేపు పాత స్ప్రింగే వెయ్యండి. ఇప్పుడొచ్చి పక్కన కూర్చోండి."

"నేనెందుకు?"

"భయపడటానికి ఒకళ్లుండాలిగా. నాకా తీరిక లేదు."

"సరే సరే, ఎక్కాను. మెల్లగా పోనీ... మెల్లగా!"

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"చెప్పానా! కాలింకా కుదురుకోలేదు. కొన్నాళ్లు ఆగుదాం."

"కాలు కుదురుగానే ఉంది. ముందు మీరు రెండు చేతులా లాగి పట్టుకున్న ఆ హ్యాండ్‌బ్రేక్ వదలండి!"