మిషన్ ఆపి చూసిన మనిషి

అలా గోడకేసి చూస్తారేంటండీ? ఆ ఫ్యాన్ తర్వాత బాగుచేయొచ్చు గానీ, స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఇటు తిరగండి. నేను ఆస్పత్రి నుంచే వస్తున్నా. అవును, మీకు చెప్పకుండానే వెళ్లాను.

నొప్పి తెలియకుండా ఒంట్లో పెట్టిన మిషన్ చెడిపోయిందేమోనని ఎంత భయపడ్డానో! నడుం దగ్గర చర్మం కింద బ్యాటరీ, వెన్నులో తీగ. మళ్లీ కోస్తారేమో అనుకున్నాను. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి నా నడుం మీద ఏదో ఆనించి కంప్యూటర్లో చూసింది. "మిషన్ భేషుగ్గా ఉందమ్మా. తొమ్మిది రోజుల కిందట ఎవరో ఆపేశారు, అంతే" అని మళ్లీ ఆన్ చేసింది.

ఎవరో! ఆ మిషన్ రిమోట్ ఎవరి చొక్కా జేబులో ఉంటుందండీ? "ఆ బటన్లు నీకు అర్థం కావులే" అని తీసి పెట్టుకున్నదెవరు?

వద్దు, పొరపాటున నొక్కుకుందని మాత్రం అనకండి. మీ పనితీరు నాకు తెలియదా? మిక్సీ అయినా అంతే, ఫ్యాన్ అయినా అంతే. "ఈ ముక్క తీసేసినా తిరుగుతోందా? అయితే ఇది అక్కర్లేదు" అంటారు. నాకూ అదే పరీక్ష పెట్టారు. కాదంటే నా కళ్లలోకి చూసి చెప్పండి.

ఆరేళ్ల నొప్పండీ! కుట్టుమిషన్ తొక్కడం మానేసి మూలన పడ్డాను. మీ అక్క "అన్నీ నాటకాలు" అంటే మీరు ఆవిడ మీద ఇంతెత్తున లేచారు. ఆ రోజు నా కడుపు నిండిపోయింది. అదే మాట మీ మనసులోనూ ఉందని నాకేం తెలుసు?

తొమ్మిది రోజులూ నేను నోరెత్తలేదు, నిజమే. వంట చేశాను, బట్టలు ఆరేశాను, మీరు జోకులేస్తే నవ్వాను. మిషన్ లేకపోయినా బాగానే తిరుగుతోంది అనుకున్నారు కదూ?

ఎందుకు నోరెత్తలేదో తెలుసా? ఆపరేషన్ గది బయట మీరు వెక్కి వెక్కి ఏడ్చారని నర్సు చెప్పింది. మళ్లీ నొప్పి అంటే ఈ మనిషి కుంగిపోతాడని, బాత్రూములో కుళాయి విప్పుకుని, నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నాను. మీరేమో బయట కుళాయి చప్పుడే వింటూ, నొప్పే లేదని లెక్క తేల్చేశారు.

ఇంకోటి కూడా వినండి. "ఎవరు ఆపారమ్మా?" అని ఆ పిల్ల అడిగింది. "నేనే, తెలియక నొక్కేశా" అన్నాను.

ఈ నొప్పి విషయంలో నేను ఆడిన అబద్ధాలు ఆ తొమ్మిది రోజుల నవ్వూ, ఈ మాటా, రెండేనండీ. రెండూ మీ కోసమే.

రిమోట్ ఇటివ్వండి.