హోటల్ అన్న మాట

గేటు దగ్గర నిలబడి మా కోడల్ని అన్ని మాటలన్నావు కదమ్మా ప్రీతీ, కాలనీ కాలనీ అంతా విన్నది. పోనీలే. లోపలికొచ్చావు, కూర్చో. నళిని సిల్తారా మిల్లు నుంచి సాయంత్రం గాని రాదు. ఈలోగా నేను చెప్పేది విను. ఆ తర్వాత కూడా తిట్టాలనిపిస్తే దాని ఎదురుగానే తిట్టు, నేను అడ్డం రాను.

"మా ఆయన నోటి దగ్గర కూడు లాగేసింది" అన్నావు చూడు, ఆ మాటకి నా ప్రాణం చివుక్కుమంది. మీ ఆయన సత్తిరాజు ఎవరో దానికేం తెలుసు? ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కదూ కలిశాడు.

మా నళిని పని చేసే మిల్లువాళ్లు ఇటలీ నుంచి పెద్ద మిషను తెప్పించుకుంటున్నారు. ఓడెక్కించే ముందు దాన్ని చూసి రమ్మని దీన్ని పంపించారు. పరాయి దేశం వెళ్లడం దానికదే మొదలు. ఢిల్లీలో దిగి నాకు ఫోన్ చేసి మాట్లాడుతుంటే, వెనకాల నిలబడ్డ మీ ఆయన తెలుగు విన్నాడట. "అమ్మా, మీది ఏ ఊరు?" అన్నాడట. రాయపూర్ అనేసరికి ఆయన మొహం వెలిగిపోయిందట. "నేను సిల్తారాలో కొలిమి దగ్గర పని చేశానమ్మా" అన్నాడట.

ఆయనదీ అదే విమానం, ఆయనా ఇటలీకేనట. బస్, అంతే, ఇంక వదల్లేదు. తప్పని అనట్లేదులే. ఇంగ్లీషు రాని మనిషి, ఎవర్ని పట్టుకుంటాడు? దారి అది చూపించింది. సామాను ఎక్కడ వెయ్యాలో అది చెప్పింది. నువ్వు కట్టిచ్చిన సున్నుండలు దానికీ పెట్టాడట. ఎందుకెళ్తున్నారని విమానంలో అడిగితే ఊళ్లు చూడ్డానికన్నాడట. ఆ చేతుల నిండా కాలిన మచ్చలు చూసి దీనికేదో అనుమానం తగిలిందిట గాని, మనకెందుకులే అని ఊరుకుంది.

జర్మనీలో దిగి ఇంకో విమానం ఎక్కాలి. పాస్‌పోర్టు చూసేది ఇటలీ వెళ్లాకే అనుకుంది మా నళిని. కాదట. ఆ దేశాలన్నిటికీ కలిపి, మొదట ఎక్కడ దిగితే అక్కడే చూసేస్తారట. అక్కడ ముద్ర పడిందంటే ఇటలీ దాకా ఇంక అడిగేవాడు ఉండడట. పడకపోతే అక్కణ్ణుంచే వెనక్కి.

పెద్ద లైను. కదలదు. రెండో విమానానికి టైం దగ్గరపడుతోంది. అది తప్పితే అక్కడ ఫ్యాక్టరీలో దీనికోసం కూర్చున్నవాళ్లంతా లేచి వెళ్లిపోతారు. అసలే ఆడమనిషిని ఎందుకు పంపడమని ఇక్కడ ఆఫీసులో ఒకాయన పెదవి విరిచాడు.

మీ ఆయన్ని తనకన్నా ముందు నిలబెట్టింది. ఎందుకనుకున్నావు? వెనక మిగిలిపోతే కంగారు పడతాడని. "నేనే ముందు నిలబెట్టాను అత్తయ్యా" అని ఇప్పటికీ అంటుంది.

అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు కుర్రవాడేనట. గొంతు పెంచే రకం కాదట. ఏదో అడిగాడు, మీ ఆయన తల ఊపాడు. ఇంకోటి అడిగాడు, దానికీ ఊపాడు. ఎన్నాళ్లుంటావంటే తల ఊపితే ఎలాగమ్మా? అప్పుడా అబ్బాయి వెనకున్న మా నళినిని వేలితో పిలిచాడు. దీని పాస్‌పోర్టు కూడా తీసుకుని, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మీద అరచెయ్యి వేసుకున్నాడట.

"ఈయన ఎందుకొచ్చాడో అడగండి. చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పండి. ఒక్క మాట మార్చొద్దు."

అడిగింది. మీ ఆయనకి తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది పాపం. ఉన్నదంతా కక్కేశాడు.

"మీ దగ్గర దాపరికమేంటమ్మా. మా బావమరిది తరుణ్ అక్కడ హోటల్లో వంట చేస్తాడు, నన్నూ ఆ పనికే రమ్మన్నాడు. ఈయనకి మాత్రం ఊళ్లు చూడ్డానికొచ్చానని చెప్పండి."

అలా అన్నాడా లేదా? నువ్వే చెప్పు.

తల దించుకున్నావంటే నీకూ చెప్పే ఉంటాడు.

మా నళిని ఏం చెప్పాలో తేల్చుకునేలోపే ఆ ఆఫీసరే అన్నాడట, "హోటల్ అన్నాడు, నాకు వినపడింది. హోటల్లో దిగుతున్నాడా?" అని.

చూశావా ఎలా వచ్చిపడిందో. మనకి హోటలంటే ఇడ్లీ తినే చోటు. వాళ్లకి హోటలంటే గది తీసుకుని పడుకునే చోటు. అబద్ధాన్ని అతనే తెచ్చి దీని చేతిలో పెట్టాడు. నోరు తెరిచి అవుననక్కర్లేదు కూడా. తల ఊపితే చాలు.

వెనక జనం విసుక్కుంటున్నారు. మీ ఆయనేమో దీని మొహం వంక చూస్తున్నాడు. ఇది మాత్రం ఆ అరచెయ్యి వంకే చూస్తూ నిలబడిందట. గది కాగితం చూపించమంటే? రేపెప్పుడో దొరికిపోతే, ఎవరు చెప్పారని అడిగితే?

"ఆ హోటల్ కాదు. తిండి అమ్మే హోటల్. అక్కడ వంటపనికి వెళ్తున్నాడు" అని చెప్పేసింది.

దీనికి ముద్ర వేసి పంపేశాడు. ఇంకొకాయనొచ్చి మీ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇది ఏం చెప్పిందో మీ ఆయనకి అర్థం కాలేదమ్మా. అంతా చక్కబడింది, విమానం దగ్గరికి తీసుకెళ్తున్నారనుకున్నాడు. వెనక్కి తిరిగి దణ్ణం పెట్టి, "మీ మేలు మర్చిపోనమ్మా" అన్నాడట.

తర్వాత గదిలో కూర్చోబెట్టి, వెనక్కి పంపేస్తున్నామని ఫోన్లో హిందీ వచ్చినవాళ్ల చేత చెప్పించారట కదా. ఇందాక గేటు దగ్గర నువ్వే అన్నావు. ఆ తర్వాత ఎన్ని శాపాలు పెట్టాడో గాని, నళిని చెవిలో మాత్రం ఆ దణ్ణం మాటే ఉండిపోయింది.

పరిగెత్తింది, విమానం అందింది. పని బాగానే చేసుకొచ్చింది, ఆ పెదవి విరిచినాయనే మెచ్చుకున్నాడట. ఇంటికొచ్చి పెట్టె విప్పలేదు. అన్నం దగ్గర కూర్చుంటుంది, కెలికి లేచిపోతుంది. ఏమైందే అని గట్టిగా అడిగితే వంటింట్లో నిలబడి ఇదంతా చెప్పింది. "నిజం చెప్పాలని చెప్పలేదు అత్తయ్యా. భయమేసి చెప్పాను" అంది.

నేనే కసిరాను. సీదాగా ఉన్నమాట చెప్పావు, నీ తప్పేముందన్నాను. మా అబ్బాయి యోగేష్ కూడా అదే అన్నాడు. రోజూ అదే చెప్తున్నాం.

మీ ఆయన ఉన్న పని మానుకుని వెళ్లాడని తెలుసు. ఆ కాంట్రాక్టరు, ఆ ఠేకేదారు, మళ్లీ పన్లోకి రానివ్వట్లేదనీ తెలుసు. నువ్వు అరిచావంటే ఊరికే అరవలేదు.

ఆగు, లేవకు. ఇంకొక్క మాట. ఇది నళినికి చెప్పలేదు, మా అబ్బాయికీ చెప్పలేదు.

నేనైతే తల ఊపేదాన్ని, ప్రీతీ. పాస్‌పోర్టు పోతే పోనీ అని ఊపేసేదాన్ని.

ఊపేదాన్ననే అనుకుంటున్నాను. ఇక్కడ దేవేంద్ర నగర్లో, మా ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నదాన్ని, అనుకోవడానికేం.