పంటి కణాలు కొలిచిందెవరు

తార్నాకలోని ఇరానీ హోటల్లో ఒక యువకుడు, ఒక యువతి ఎదురెదురుగా కూర్చున్నారు. యూనివర్సిటీలో వాళ్లిద్దరిదీ ఒకే ప్రొఫెసర్ ల్యాబ్. ప్రసవం తర్వాత ఆమె ఆ రోజే తిరిగి వచ్చింది.

“అన్నా, మన రీసెర్చ్ పేపర్ అచ్చయిందట. మొదటి పేరు నీదే ఉన్నది.”

“సార్ పెట్టిండు చెల్లె. నేను అడగలే.”

“ఎలుక పిండంల పన్ను తయారయ్యేటప్పుడు కణాల ఆకారం ఎట్ల మారుతదో కొలిచింది నేను. కడుపుతోని ఉండి, కండ్లు గుంజుతున్నా మైక్రోస్కోప్ ముందట కూసొని కొలిచిన. నా పేరు ఏడున్నది?”

“ఆఖరుకు, సాయం చేసినోళ్లల్ల ఉన్నది.”

“సాయమా?”

“నువ్వు మళ్ల రావనుకున్నడు సార్.”

“వస్తనని సార్‌కు చెప్పుమని నీకే చెప్పి పోయిన గద.”

“చంటిపిల్లతోని నీకు కష్టమైతదనుకున్న. నీ మంచికే, రాదని చెప్పిన.”

ఆమె కప్పు పక్కకు జరిపింది. చాయ్ మీద మీగడ కట్టింది.

“ఇంకో మాట చెల్లె, కోపం చేయకు. సోమవారం సెమినార్ల నేనే మాట్లాడాలె. ఆ కణాలు ఒక దిక్కు సన్నగై, ఇంకో దిక్కు ఎందుకు వెడల్పైతయని అడుగుతరు. నువ్వు ఒక్కసారి సమజయ్యేటట్టు చెప్తే...”

“చెప్త. లే, ల్యాబ్‌కు పోదాం. సార్ ముందట చెప్త.”

“సార్ ముందట ఎందుకు? గీడనే చెప్పు.”

“నీ ఒక్కనికే చెప్తే అది గూడ నీదే అయితది.”

అతను కుర్చీలోంచి లేవలేదు. ఆమె ఒక్కతే రోడ్డు దాటి క్యాంపస్ వైపు నడిచింది.