ఎనిమిది వేల అడుగులు

(పెడన. శనివారం పొద్దున పదిన్నర. హాల్లో వెంకటపతి, కూతురు నాగజ్యోతి. లోపలి గదిలో మగ్గం మీద వెంకటపతి భార్య మంగతాయారు.)

“నాన్నా, చెయ్యి చూపించు.”

“ఏ చెయ్యి?”

“వాచీ ఉండాల్సిన చెయ్యి.”

“దానికేం, బానే ఉంది. కాఫీ గ్లాసు పట్టుకుంది, కనపడట్లేదా?”

“వాచీ ఏది?”

“ఛార్జింగ్‌లో పెట్టానమ్మా. నువ్వేగా పెట్టమంటావు.”

“ఛార్జింగ్‌లో ఉన్న వాచీ నడుస్తుందా?”

“గడియారమన్నాక నడవదూ!”

“జోకులొద్దు. ఇదిగో, ల్యాప్‌టాప్‌లో చూడు. నువ్వేమో కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నావు. ఇక్కడేమో నీ అడుగులు ఐదు వేల తొమ్మిది వందలు. చూస్తుండగానే ఇంకో పది. ఇంకో పది!”

“కాలు ఊపుతున్నాను.”

“ఊపట్లేదు.”

“ఇప్పుడు ఊపుతున్నాను, చూడు.”

“ఏంటే, పొద్దున్నే మీ నాన్నని పట్టుకుని సతాయిస్తున్నావు? ఈ మగ్గం చప్పుడులో నాకు ఒక్క ముక్క వినపడి చావట్లేదు!”

“ఏం లేదమ్మా, నువ్వు నేసుకో. నాన్న కూర్చుని నడుస్తున్నాడు, చూస్తున్నా.”

“అమ్మాయ్, మీ అమ్మని మధ్యలోకి లాగకు. నీ యాప్‌లోనే ఏదో తేడా ఉంది. నాకు తెలీని మిషన్లా ఇవి? నూలు కండెలు చుట్టే రాట్నానికి మోటారు బిగించినవాణ్ణి. ఈ వీధిలో అందరికంటే ముందు వైఫై పెట్టించినవాణ్ణి. గేటుకి కెమెరా పెట్టినవాణ్ణి.”

“ఆ కెమెరానే చెప్పింది. బుధవారం పదకొండింటికి గేటు దాటావు. చేతికి వాచీ లేదు.”

“నా కెమెరా నా మీదే సాక్ష్యమా! బొత్తిగా విశ్వాసం లేదు దానికి.”

“ఎక్కడికెళ్ళావు?”

“నడకకి.”

“ఎక్కడిదాకా?”

“పున్నారావు కొట్టు దాకా.”

“అది మన గేటుకి నాలుగో ఇల్లు!”

“రానూపోనూ ఎనిమిది ఇళ్ళు.”

“అక్కడేం చేశావు?”

“కూర్చున్నా. నడిచినవాడు కూర్చోడా?”

“నాన్నా, రోజుకి ఎనిమిది వేల అడుగులు నడుస్తున్నావని ఆదివారం ఆదివారం బందరు వెళ్ళి లడ్డూ తెచ్చాను. స్టెంటు వేయించుకుని ఏడాది తిరగని మనిషికి, నెయ్యి కారే లడ్డూ! ఆరు వారాలు!”

“ఆరు లడ్డూలు. ఒక్కదాంట్లోనూ వంక పెట్టడానికి లేదు.”

“నీ గ్రాఫు మా ఆఫీసు మీటింగులో చూపించాను తెలుసా? మా నాన్న అరవై నాలుగేళ్ళకి ఎలా నడుస్తున్నాడో చూడండి అని. మా మేనేజరు చప్పట్లు కొట్టాడు.”

“పాపం, మంచివాడిలా ఉన్నాడు.”

“అయ్యో... ఏవండీ, ఇవాళ ఎండ మరీ దారుణంగా ఉందండీ! ఉక్కకి ఆయాసం వస్తోంది. కాసేపు ఆగి నేస్తాను.”

“ఉండమ్మా, ఇక్కణ్ణుంచే ఫోన్‌లో నీ ఫ్యాను స్పీడు పెంచుతా. ఆఁ, ఐదులో పెట్టా. సరిపోయిందా?”

“సరిపోయిందిలే. ఈ హోరుకి ఇక మీ మాటలేం వినపడవు.”

“చూశావా అమ్మాయ్, లేవకుండా ఫ్యాను తిప్పావు. నేను లేవకుండా నడిస్తే మాత్రం తప్పొచ్చింది.”

“నాన్నా, నిన్ను కూర్చోబెట్టింది అడుగుల కోసం కాదు.”

“మరి?”

“పన్నెండింటికి కారొస్తుంది. మనం విజయవాడ వెళ్తున్నాం. గుండె డాక్టరు దగ్గరికి.”

“ఎవరికి?”

“నీకే.”

“నాకేమైంది? గుండ్రాయిలా ఉన్నాను!”

“వాచీ అలా అనట్లేదు. గుండె సరిగ్గా కొట్టుకోవట్లేదని, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన లేదని నా ఫోనుకి మెసేజి పెట్టింది. మంగళవారం పదకొండుంబావుకి ఒకసారి. గురువారం ఒకసారి. ఇవాళ తొమ్మిదింటికి ఒకసారి.”

“నాకేం తెలీలేదే!”

“నీకు కిందటేడు కూడా తెలీలేదు. గ్యాస్ నొప్పి అని సోడా తాగి కూర్చున్నావు. అమ్మే గొడవపెట్టి తీసుకెళ్ళింది. అందుకే ఈ వాచీ కొన్నాను. మంగళవారం నుంచీ నాకు అన్నం సహించట్లేదు నాన్నా. నీకు చెబితే కంగారుపడతావని చెప్పలేదు. నాకు భయమేస్తోంది.”

“అయ్యో పిచ్చితల్లీ! ఏడుస్తావేంటే?”

“ఏడవట్లేదు.”

“ఇటు చూడు. జ్యోతీ, ఇటు చూడమ్మా. అది నా గుండె కాదు.”

“ఏంటి?”

“ఆ వాచీ నా చేతికి ఉంటేగా. ఆరు వారాలైంది నేను పెట్టుకుని. నీకు కోపం వస్తుందని చెప్పలేదు. ఇప్పుడు నువ్విలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేనెలా చూసేది!”

“మరి ఎక్కడుంది?”

“మగ్గానికి కట్టాను.”

“మగ్గానికా?”

“మీ అమ్మ నేస్తుంటే మగ్గం ఊగుతుందిగా. ఊగినప్పుడల్లా ఒక అడుగు. మొదటిరోజు ఉత్తినే, సరదాకి చూశాను. భోజనాల వేళకి ఎనిమిది వేలు దాటేసింది. డాక్టరు నన్ను మగ్గం ఎక్కొద్దన్నాడు గానీ, నా వాచీని ఎక్కొద్దనలేదుగా.”

“నాన్నా...”

“తిట్టు. ఎంతైనా తిట్టు.”

“మగ్గానికి వాచీ కట్టావా! అంటే ఆ చప్పట్లు...”

“మగ్గానికే.”

“ఆ లడ్డూలు కూడా దానికే పెట్టాల్సింది!”

“అమ్మయ్య, నవ్వావు. ఆ కారువాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. రేపటి నుంచి నిజంగా నడుస్తాను, ఒట్టు. కావాలంటే నువ్వు కూడా రా.”

“వస్తాను. నిన్ను నమ్మేదే లేదు. ఉండు, డ్రైవరు నంబరు... నాలుగు రోజులు నా ప్రాణం తోడేశావు కదా నాన్నా. నాకు ఎగిరి గంతేయాలనుంది.”

“వేసెయ్. నా అడుగుల్లో కలుపుకుంటాను.”

“ఉండు. అదేంటి టింగుమంది?”

“కారువాడేమో.”

“కాదు. వాచీ. మళ్ళీ అదే మెసేజి. ఇప్పుడే, ఈ నిమిషంలో. నాలుగోసారి.”

“మళ్ళీనా? చూశావా, పనికిరాని వాచీ. వెనక్కి పంపించెయ్.”

“నాన్నా, మగ్గానికి గుండె ఉండదు.”

“ఆఁ?”

“చర్మానికి తగిలి ఉంటేనే ఇది గుండెని లెక్కపెడుతుంది. కొయ్యకి కడితే ఇక్కడ గీతే రాదు. చూడు, కొట్టుకుంటోంది. నూట ఇరవై ఆరు. ఎవరో పెట్టుకున్నారు. నిజం చెప్పు, ఎవరి చేతికి పెట్టావు?”

“ఆ మెసేజిలు ఎప్పుడొచ్చాయన్నావు?”

“చెప్పాగా. మంగళవారం పదకొండుంబావు, గురువారం...”

“అది కాదు. పని చేసేటప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా?”

“కదలకుండా కూర్చున్నప్పుడే. కదులుతుంటే ఇది సరిగ్గా కొలవలేదు. ఎందుకు?”

“మంగళవారం నేను కొట్టు నుంచి తిరిగొచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఏం, మగ్గం ఆపేశావేం అన్నాను. ఎండండీ అంది. గురువారం కూడా ఎండే అంది. ఇవాళ పొద్దున కూడా అదే మాట. తొమ్మిదింటికి ఏం ఎండ ఉంటుందే జ్యోతీ? మజ్జిగ తాగమని చెప్పి నేను పేపరు చదువుకున్నాను.”

“నువ్వు... అమ్మ గురించా?”

“మగ్గం చప్పుడు వినపడుతోందా నీకు?”

“లేదు. ఇందాకటి నుంచే లేదు. నేను ఫ్యాను స్పీడు పెంచాను కదా. ఫోన్‌లో పెంచాను నాన్నా, లేచి వెళ్ళి చూడనైనా లేదు.”

“మంగా! మంగతాయారూ!”

“అబ్బ, అరవకండి, వినపడుతోంది... వాచీ నా చేతికే భద్రంగా ఉంది, అమ్మాయికి తెలియనివ్వకండి. కాస్త ఊపిరి అందనిచ్చి మళ్ళీ మొదలుపెడతాను. మీవి ఇంకా రెండు వేల అడుగులే కదా, భోజనాల వేళకి నడిచేస్తాను... మీరు కూర్చోండి.”