కొత్త మార్బుల్

ఇబ్రహీంపట్నంలో భూముల ధరలు మండిపోతున్న ఏడాది కట్టిన మేడ. గుమ్మంలో ఇంటి యజమాని, మెట్ల కింద ఆశా కార్యకర్త.

“ఆడనే ఆగు. మార్బుల్ కొత్తది, చెప్పులతోని ఎక్కకు.”

“ఎక్కనులే. నీ బిడ్డకు నాలుగు రోజులు జ్వరమొచ్చి, ఇప్పుడు ఒళ్లంత దద్దులు లేసినయంట?”

“కొత్త పెయింటు వాసన పడలే. ఎలర్జీ. నీ సంచిల గోలీలతోని తగ్గేది కాదు గిది.”

“పెయింటు వాసనకు దద్దుల కన్న ముందుగాల్నే జ్వరమొస్తదా? కండ్లు ఎర్రగయినయా?”

“అయినయ్. ముక్కు కారింది, దగ్గు గూడ ఉండె.”

“దద్దులు ముందుగాల యాడ లేసినయ్?”

“చెవుల ఎనుక. ఆడికెల్లి మొఖం, కడుపు. అయితేంది?”

“అయితే తట్టు. నిరుడు దానికే సూది ఏపిస్తనని మీ పాతింటికి మూడుసార్లు వస్తే గేటు తియ్యలే నువ్వు.”

“సర్కారు సూది మాకెందుకు? ప్రైవేటుల ఏపిస్తనన్న.”

“ఏపిచ్చినవా?”

“ప్లాట్ల పనిల పడి... మర్సిపోయిన.”

“మస్తు పెద్దమనిషివి. పిల్ల పక్కన ఎవరు పండుకుంటున్నరు?”

“యాచారంకెల్లి మా చెల్లె వచ్చింది. ఆమె, ఆమె చంటి కొడుకు. అందరిదీ ఒక్కటే మంచం.”

“వానికెన్ని నెలలు?”

“ఆరు.”

“తట్టు సూది తొమ్మిది నెలలు నిండినంక ఏస్తరు. వానికింక ఆ సూది పడలే. తట్టు అంటుకుంటే గంత చిన్న పానం తట్టుకోదు. పిల్లలిద్దర్నీ ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె.”

“జర నువ్వొచ్చి సూడరాదు?”

“చెప్పులు యాడ విడువాలె?”

“చెప్పులతోనే రా... అక్కా.”